గంజి తాగే పెట్టె

పెట్టెకి గంజి పోసేటప్పుడు వెంకాయమ్మ ఎవర్నీ మాట్లాడనివ్వదు. రెండు గరిటెల గోరువెచ్చని గంజి, చిటికెడు ఉప్పు. పోసి, మూత బిగించి, పెట్టె పక్కన అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. కాసేపటికి లోపల్నుంచి సన్నగా వెచ్చదనం తగులుతుంది. అప్పటిదాకా లేవదు.

ఆవిడ ముక్కుకి ఎప్పుడూ ఓ సన్నటి గొట్టం ఉంటుంది. గొట్టానికి అవతల గుర్రుమంటూ ఆక్సిజన్ మెషీను. ఆ మెషీనుకి కరెంటిచ్చేది ఈ పెట్టె. "నేను దీనికి గంజి పోస్తున్నా, ఇది నాకు ఊపిరి పోస్తోంది. మధ్యలో నీకేం నొప్పిరా?" అంటుంది, కొడుకు వీర్రాజు నవ్వితే.

కోడలు తాయారు నవ్వదు. ఆ పెట్టె పుట్టింది ఆమె పనిచేసే చోటే.

కైకలూరు అవతల చేపల చెరువుల మధ్య ఓ చిన్న ప్రయోగశాల ఉంది. అక్కడ ప్రభుదాసు గారనే శాస్త్రవేత్త పదేళ్ళపాటు కొర్రమీనుతో కుస్తీ పట్టారు. ఎక్కడో దూరదేశపు నదుల్లో ఒంట్లోంచి కరెంటు కొట్టే చేపలున్నాయి కదా, ఆ విద్య మన కొర్రమీను కండకి నేర్పితే ఎలా ఉంటుందని ఆయనకి పిచ్చి పట్టింది. కొర్రమీను మొండి ఘటం, బురదలో పడేసినా బతుకుతుంది. దాని కండని పూతరేకంత పల్చటి పలకలుగా పెంచి, కొన్ని వందల పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉప్పునీళ్ళలో ఉంచారు. తిండి పెడితే కరెంటిచ్చింది. ఆ తిండి కోసం ఖరీదైన పౌడర్లెన్నో తెప్పించి చూశారు. ఓ మధ్యాహ్నం తాయారు తన క్యారేజీలోని గంజి రెండు చెంచాలు పోసి చూస్తే, పెట్టె పౌడర్లన్నిటికంటే దాన్నే మెచ్చింది. ఆ రోజు ప్రభుదాసు గారు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎగిరి గంతేశారు.

తాయారు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. ప్రయోగశాలలో మీటర్లు, తీగలు, ఫ్యూజులు అన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పెట్టెని పెట్టి చూడాలని ప్రభుదాసు గారు అనుకున్నప్పుడు, మొదటి పెట్టె మా ఇంటికివ్వండి సార్ అని ఆమే అడిగింది. వాళ్ళ ఊళ్ళో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, వీయకపోయినా పోతుంది. మెషీను లోపల చిన్న బ్యాటరీ ఒకటుంది గానీ అది గంటసేపు ఆదుకుంటే గొప్ప. పెట్టె వచ్చాక ఎనిమిది నెలలుగా ఇంట్లో ఆ బెంగ లేదు.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి మెషీను ఆపి దాని జల్లెడ కడుగుతారు. రెండు నిమిషాలు మెషీను లేకుండా వెంకాయమ్మ కూర్చుని ఓర్చుకోగలదు. ఐదు దాటితే పెదాలు నీలమెక్కుతాయి. ఆ రెండు నిమిషాల్లోనే తాయారు మల్టీమీటరు తీసి, ఎర్ర తీగ ఓ కొసకి, నల్ల తీగ ఇంకో కొసకి ఆనించి వోల్టేజి చూస్తుంది. ఇరవై నాలుగు. ఆ అంకె ప్రయోగశాలకి ఫోన్లో చెప్పి, చెప్పులేసుకుని బయల్దేరుతుంది.

"ఒంట్లో ఎలా ఉందే?" అని అడుగుతుంది వెంకాయమ్మ, అప్పుడే.

"బాగుందత్తయ్యా" అంటుంది తాయారు, గేటు తీస్తూ. పెట్టె చెప్పే ఇరవై నాలుగూ, తాయారు చెప్పే బాగుందీ ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా మారలేదు.

ఆషాఢంలో ఓ శుక్రవారం వెంకాయమ్మ గంజి గరిటె పక్కన పెట్టేసి, "దీనికి నలతగా ఉందే" అంది.

"ఎవరికి?"

"పెట్టెకి. నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా. నిన్నటి గంజి సగం అలాగే ఉంది. చెయ్యి పెడితే ఇదివరకటి వేడి లేదు."

తాయారు మీటరు పెట్టి చూసింది. ఇరవై నాలుగు. సార్‌కి ఫోన్ చేసింది. "ఇరవై నాలుగుందిగా అమ్మా, ఇంకేం కావాలి? వానాకాలం కదా, చల్లగా తగిలుంటుంది" అన్నారాయన. ఆయన హడావిడి ఆయనది. వచ్చే సోమవారం నలభై ఇళ్ళకి పెట్టెలు పంపాలి. నలభై మంది రోగులు, నలభై కుటుంబాలు పేర్లు రాయించుకుని ఎదురు చూస్తున్నాయి.

"మీ సారు పాడిగేదెని పెంచాడా ఎప్పుడైనా?" అని అడిగింది వెంకాయమ్మ. "మేత మానేసిన గొడ్డు బాగుందని ఏ రైతూ అనడు."

తాయారుకి ఏం చెయ్యాలో తెలుసు. తెలియక కాదు, భయం. వోల్టేజి చూస్తే చాలదు, కరెంటు కొలవాలి. ఆ పని ఆమె చేసి రెండేళ్ళయింది. మీటరులో కరెంటు కొలిచే కన్నాన్ని ఆమే కొవ్వొత్తి మైనం పోసి మూసేసింది.

ఆ సంగతి చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి. ఈ పెట్టెకన్నా ముందు ప్రయోగశాలలో ఇంకో పెట్టె ఉండేది. దాన్ని పెంచడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఓ పొద్దున్న తాయారు దాని కరెంటు కొలిచింది. పనయ్యాక ఎర్ర తీగని ఆ కన్నంలోంచి తీసి వోల్టేజి కన్నంలోకి మార్చాలి. ఎవరో టీకి పిలిస్తే మర్చిపోయింది. మధ్యాహ్నం వోల్టేజి చూద్దామని ఆ తీగలతోనే పెట్టె రెండు కొసలూ ముట్టుకుంది. వోల్టేజి కన్నంలో ఉంటే మీటరు తలుపు దాదాపు మూసుకుని లోపలికి తొంగిచూస్తుంది, అంతే. కరెంటు కన్నంలో మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంటుంది. పెట్టెలో ఉన్నదంతా ఒక్కసారిగా మీటరు మీద పడింది.

అప్పుడైనా మీటరులో ఫ్యూజు తెగిపోవాలి, పెట్టె బతకాలి. కానీ ఆ ఫ్యూజు అంతకు నెల ముందే తెగిపోయింది. ఆ పాత మీటరుకి సరిపోయేది రావడానికి నలభై రోజులన్నారు. ఆ లోపల పనాగకూడదని తాయారు ఓ రాగి పోగు మెలిపెట్టి ఆ చోట బిగించింది. ఆ పని చెయ్యని ఎలక్ట్రీషియన్ని ఆమె ఇంతవరకు చూడలేదు. ఐటీఐలో చదువు చెప్పిన మాస్టారే చేసేవాడు. రాగి పోగు తెగలేదు. మీటరు ఆమె చేతిలో పేలింది. అరచేతి మీద చర్మం లేచిపోయింది. అది మానింది. పెట్టె మాత్రం బతకలేదు. ప్రయోగశాలంతా చేపలు వేయించిన వాసన. ఆ రోజు నుంచి తాయారు వేపుడు ముట్టదు. ఎందుకో అత్తగారికి తెలుసు.

ప్రభుదాసు గారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని తాయారు చాలాసార్లు అనుకుంది. ఆయన గోడమీద ఓ కాగితం అంటించారు. ఇకమీదట పెట్టెల దగ్గర వోల్టేజి తప్ప ఏదీ కొలవరాదు. కొత్త మీటరొచ్చిన రోజే తాయారు ఆ కన్నంలో మైనం పోసింది.

ఆ శుక్రవారం తాయారుకి పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆకివీడులో దిగి మూడు అసలైన ఫ్యూజులు కొంది. మర్నాడు సెలవు పెట్టింది. పొద్దున్నే మొగుడితో, "ఏవండీ, ఆసుపత్రిలో అడిగి చిన్న ఆక్సిజన్ సిలిండరొకటి పట్టుకురండి" అంది.

"అరగంట పనికి సిలిండరు దేనికి? ఊరంతా ఊరేగించుకు రమ్మంటావా?" అన్నాడు వీర్రాజు. చెరువుల దగ్గర మేత వేసే పని అతనిది. దేన్నైనా బుజాన వేసుకోవడం కొత్త కాదు, మోస్తూ గొణగడమూ కొత్త కాదు.

"వాడకపోతే అలాగే తిరిగిచ్చేద్దాం. తెండి."

తెచ్చాడు. అప్పటికి ఊళ్ళో కరెంటు పోయి గంటైంది.

తాయారు బంగారు గాజులు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. నేలమీద ఒలికిన గంజి తుడిచి ఆరబెట్టింది. రబ్బరు చెప్పులేసుకుంది. మీటరు వెనక మూత విప్పి పాత ఫ్యూజు తీసి కొత్తది పెట్టింది. తాళిబొట్టుకి పెట్టుకున్న పిన్నీసు తీసి, కన్నంలోని మైనం కొద్దికొద్దిగా గీకడం మొదలుపెట్టింది. పిన్నీసు రెండుసార్లు జారి కింద పడింది. అది చూసి వెంకాయమ్మ, "పైకి చెప్పుకుంటూ చెయ్యవే. నేను వింటాను" అంది.

ఆ మాట తాయారుకి ఎంతో ధైర్యమిచ్చింది.

"ముందు మెషీను స్విచ్చి ఆపుతున్నా అత్తయ్యా. ఆగాకే తీగ విప్పాలి. ఇదిగో, పెట్టెనుంచి మెషీనుకి పోయే తీగ ఒకటి విప్పాను. దారి తెగింది. ఆ తెగిన చోట మీటర్ని కూర్చోబెడుతున్నా."

"రోజూ తీగలు ఆనించి చూస్తావుగా. ఈ తెంచడమేంటి కొత్తగా?"

"రోజూ చూసేది ఎంత ఒత్తిడి ఉందో. అది పక్కనుంచి చూస్తే చాలు. ఎంత పారుతోందో తెలియాలంటే పారేదంతా మీటర్లోంచే పోవాలి."

"కాలవకి అడ్డంగా తూము పెట్టినట్టు."

"అదే. ఎర్ర తీగ పది ఆంపియర్ల కన్నంలోకి మార్చాను. మీటరు మీద బొత్తాం కూడా అటే తిప్పాను. పెద్ద కొలతతోనే మొదలెట్టాలి. తీగల్ని చేత్తో పట్టుకోను, క్లిప్పులు తగిలించాను. ఇక చేతులు వెనక్కి తీసేసుకుని స్విచ్చి వేస్తున్నా."

మెషీను గుర్రుమంది. మీటరు మీద అంకె వెలిగింది. నాలుగు.

తాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు ఆంపియర్లు. మెషీనుకి కావలసింది సరిగ్గా అంతే. "హమ్మయ్య" అన్నాడు వీర్రాజు. "ఇక సిలిండరు తిరిగిచ్చి రానా?"

"ఉండండి. పెట్టె ఇప్పుడేగా పని మొదలెట్టింది. కాసేపు చెయ్యనివ్వండి."

ముగ్గురూ మీటరు చుట్టూ కూర్చున్నారు. పది నిమిషాలకి మూడు పాయింట్ ఏడు. వీర్రాజు సెల్‌ఫోను జేబులో పెట్టేశాడు. ఇరవై నిమిషాలకి మూడు పాయింట్ ఒకటి. మెషీను మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. అది ఎలా నడుస్తోందో తాయారుకి అప్పుడు అర్థమైంది. పెట్టె ఇవ్వలేకపోతున్నదంతా మెషీను తన లోపలి చిన్న బ్యాటరీలోంచి లాక్కుంటోంది. ఎన్నాళ్ళనుంచో? ఆ బ్యాటరీ ఎంతుందో చెప్పే లైటు కొన్న ఏడాదికే ఆరిపోయింది. మెషీను నడుస్తోందిగా అని ఎవరూ పట్టించుకోలేదు.

రెండు పాయింట్ ఆరు. మెషీను కీచుమని అరిచి ఆగిపోయింది.

తాయారు చెయ్యి సర్రున తీగల మీదికి పోబోయింది. వేళ్ళు తగిలేలోపు ఆగింది. "ఏవండీ, సిలిండరు!" అని అరిచి, ముందు స్విచ్చి ఆపింది. వీర్రాజు గొట్టాన్ని మెషీన్నించి లాగి సిలిండరుకి తగిలించి చిన్న చక్రం తిప్పాడు. గాలి సర్రుమంది. వెంకాయమ్మ కళ్ళు మూసుకుని నాలుగు ఊపిర్లు లోపలికి పీల్చింది. పెదాలు నీలమెక్కలేదు. అంత వ్యవధే లేదు.

కళ్ళు తెరవకుండానే ఆవిడ, "ఎర్ర తీగో?" అంది.

తాయారు ఎర్ర తీగని కరెంటు కన్నంలోంచి పీకి వోల్టేజి కన్నంలో గుచ్చింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. భయంతో కొంత, సిలిండరు తెప్పించినందుకు సంతోషంతో కొంత. వీర్రాజు ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఊరేగింపు మాట ఇంకెప్పుడూ ఎత్తనన్నాడు.

ఐదు నిమిషాలాగి ఆమె మళ్ళీ వోల్టేజి చూసింది. ఇరవై నాలుగు. నిక్షేపంలా ఇరవై నాలుగు.

మధ్యాహ్నం కరెంటొచ్చింది. మెషీన్ని గోడ ప్లగ్గుకి పెట్టారు. ప్రభుదాసు గారు మోటారు సైకిలేసుకుని వానలో తడుస్తూ వచ్చారు. తువ్వాలు ఇచ్చినా తుడుచుకోలేదు. "గోడమీద కాగితం అంటించింది నేను. అయినా కొలిచావా?" అన్నారు.

"కొలిచాను సార్. తప్పైతే తిట్టండి. ఈసారి తిట్టే వెళ్ళండి." తాయారు కాగితం మీద రాసిన అంకెలు చూపించింది. "మనం రోజూ చూస్తున్నది మెషీను ఆపిన రెండు నిమిషాల్లో సార్. బరువు దింపి అడుగుతున్నాం. బరువు దింపితే ఎవరైనా బాగానే ఉంటారు."

ఆయన అంకెల్ని రెండుసార్లు చదివారు. పెట్టె పక్కన కూర్చుని, వెంకాయమ్మ చూపించినట్టు అరచెయ్యి ఆనించారు. దాన్ని పుట్టించిన మనిషే గానీ, అలా చెయ్యి పెట్టి కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి.

"మంచి తిండే పెడుతున్నాంగా. ఎందుకిలా అయింది?" అన్నారు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు.

"బాబూ, ఎనిమిది నెలల్లో దీన్ని ఎన్నిసార్లు పడుకోనిచ్చారు?" అని అడిగింది వెంకాయమ్మ.

రోజుకి రెండు నిమిషాలు తప్ప ఎన్నడూ లేదు. బ్యాటరీకి నిద్రేమిటని అనుకున్నారు. అది బ్యాటరీ అని అనుకున్నారు.

ఆ సాయంత్రం వరకూ పెట్టెకి పని చెప్పలేదు. ఆరు గంటల తర్వాత తాయారు మళ్ళీ స్విచ్చి ఆపి, తీగ విప్పి, మీటరు మధ్యలో పెట్టి, మాట మాటకీ పైకి చెప్పుకుంటూ కొలిచింది. నాలుగు. అరగంట తర్వాత చూసినా మూడు పాయింట్ తొమ్మిది. ఉదయం పోసిన గంజి చుక్క మిగల్లేదు. వెంకాయమ్మ ఖాళీ గిన్నెని ప్రభుదాసు గారి ముందు పెట్టి, "చూశారా?" అంది, సొంత మనవడే పరీక్ష పాసైనంత సంబరంగా.

ఆయన నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి పడుకోవాలి. ఇంటికి రెండు పెట్టెలు కావాలి. ఉన్నవి నలభై. అంటే సోమవారం ఇరవై ఇళ్ళకే. కొత్త పెట్టెలు పెరగాలంటే ఏడాది పైమాటే.

"మిగతా ఇరవై మందికి ఏం చెప్పను తాయారూ?"

"ఉన్నదే చెబుదాం సార్. ఇంటింటికీ వెళ్ళి చెబుదాం. నేనూ వస్తాను."

వెళ్ళారు. ఇరవై ఇళ్ళూ తిరగడానికి నాలుగు రోజులు పట్టింది. ఓ ఇంట్లో కాఫీ ఇచ్చారు, ఓ ఇంట్లో గుమ్మం దాటి రానివ్వలేదు. ముదినేపల్లి దగ్గర ఓ పెద్దాయన, "మీరిద్దరూ రాకుండా ఫోన్లో చెప్పుంటే మిమ్మల్ని తిట్టుకునేవాణ్ణి" అన్నాడు, గొట్టం సర్దుకుంటూ. ప్రయోగశాలకి తిరిగి రాగానే ప్రభుదాసు గారు గోడమీది కాగితం చింపి కొత్తది అంటించారు. ప్రతి పెట్టెకీ వారానికోసారి, పనిలో ఉండగా, కరెంటు కొలవాలి. ఎలా కొలవాలో తాయారు దగ్గర నేర్చుకోవాలి. దాని కింద ఎర్ర సిరాతో ఇంకో ముక్క రాశారు. ఫ్యూజు చోట రాగి పోగు పెట్టినవారికి ఇక్కడ పని లేదు. "ఇది నీకోసం కాదు, ఆ పొరపాటు నువ్విక చెయ్యవు" అన్నారు తాయారుతో. రెండేళ్ళ తర్వాత ఆ పాత పెట్టె సంగతి ఆయన నోట రావడం అదే మొదలు. తాయారు గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టైంది.

ప్రయోగశాలలో పరీక్షలకని అట్టేపెట్టుకున్న పెట్టె, వెంకాయమ్మ ఇంటికి రెండోదిగా శ్రావణంలో వచ్చింది. పగలొకటి, రాత్రొకటి. ఇప్పుడు నాలుగు గరిటెల గంజి. ఆవిడకి పని పెరిగింది, ఆ పెరిగిన పనికి మురిసిపోతోంది.

ఓ ఆదివారం పదకొండు గంటలప్పుడు తాయారు వంటింట్లో ఉంది. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద గంజి. మిక్సీలో పచ్చడి తిరుగుతోంది. బుజానికీ చెవికీ మధ్య ఫోను, అవతల ప్రయోగశాలలో ఎవరికో ఫ్యూజు మార్చడం చెబుతోంది. వెంకాయమ్మ గొట్టం వెనకాల ఈడ్చుకుంటూ వచ్చి, ఫోను లాక్కుని పక్కన పెట్టి, "ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగింది.

"బా..." అని మొదలెట్టింది తాయారు.

"పొద్దున్న గేటు దగ్గర చెప్పేది కాదు. ఇప్పుడెలా ఉంది?"

తాయారు మిక్సీ ఆపింది. ఇంట్లో ఆ మాట అడిగే వేళ మారడం ఆమె కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో ఇదే మొదలు. "కాళ్ళు లాగేస్తున్నాయి అత్తయ్యా" అంది మెల్లగా. "నడుము కూడా. చాలా రోజుల్నుంచి."

"ఒరేయ్ వీర్రాజూ! ఇలా వచ్చి గరిటె పట్టుకో."

వీర్రాజు గొణుక్కుంటూ వచ్చాడు. కానీ వచ్చాడు. తాయారు ముందుగదిలో, పగలు పడుకునే పెట్టె పక్కన చాప వేసుకుని ఒరిగింది. ఓ చెయ్యి దానిమీద వేసింది. లోపల్నుంచి వెచ్చగా తగిలింది. కాసేపు కళ్ళు మూసుకుందామనుకుంది. రెండు నిమిషాల్లో గుర్రు పెట్టింది.

"అమ్మా, గంజిలో ఉప్పెంత?" అని వంటింట్లోంచి వీర్రాజు గట్టిగా అరిచాడు.

"చిటికెడు" అంది వెంకాయమ్మ, చెయ్యెత్తి వారిస్తూ. "మాట్లాడకు. ఇద్దరూ పడుకున్నారు."